నాన్న చెప్పిన గవర్నర్

మొన్న టెక్సస్‌లో, ప్లేనోలోని మా ఇంట్లో, మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్ట్ కోసం అట్ట కొనుక్కొచ్చి నల్ల మార్కర్ మూత తీశానో లేదో, ఆ ఘాటు వాసనకి నా నాలుగో క్లాసు రోజులు ముంచుకొచ్చాయి.

అప్పట్లో మేం ఆ దగ్గర్లోనే కాపెల్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మార్చి నెలాఖరుకల్లా రోడ్ల పక్కన నీలిపూలు విరగబూసేవి, సాయంత్రాలు ఉరుములకి కిటికీలు అదిరేవి, ఆదివారం తెలుగు చర్చి అయ్యాక ఆంటీలు వడ్డించిన కోడికూర, పులిహోర బరువుకి పేపరు ప్లేట్లు వంగిపోయేవి, మేం పిల్లలం పార్కింగ్‌లో కార్ల మధ్య దొంగాపోలీసు ఆడేవాళ్లం. ఆ రోజుల్లోనే స్కూల్లో మైనపు బొమ్మల ప్రదర్శన పెట్టారు. టెక్సస్ చరిత్రలోంచి ఒకరి వేషం వేసుకుని బొమ్మలా నిలబడాలి. ఎవరైనా వచ్చి ముందున్న కాగితపు బటన్ నొక్కితే ప్రాణమొచ్చినట్టు తన కథ చెప్పాలి. యుద్ధవీరులందరినీ మగపిల్లలు ముందే ఎగరేసుకుపోయారు. నాకు మిగిలింది అమెరికా అంతర్యుద్ధం తర్వాత రాష్ట్రాన్నేలిన ఒక గవర్నర్. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ల ఓటుహక్కుకి అండగా నిలబడి, వాళ్లని పోలీసుల్లో చేర్చుకుని, తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయి, కుర్చీ దిగనని మొండికేసి, చివరికి దిగక తప్పని మనిషి. పుస్తకంలో ఆయనకి దక్కినవి నాలుగు వాక్యాలు. అందులో మొదటిదే, ప్రజలు అసహ్యించుకున్న గవర్నర్ అని.

నాన్న ఆ పేజీ చదివి కళ్లజోడు తీసేశాడు.

"ఏ ప్రజలంటా? కొత్తగా ఓటొచ్చినోళ్లు కూడానా? వాళ్లనెవరన్నా అడిగారా?"

నాన్నకి అంత కోపమెందుకో అమ్మ చెప్పింది. గుడివాడ దగ్గర వాళ్ల పేట నుంచి తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని, చిన్నపిల్లాడైన నాన్నని వేలు పట్టుకుని ఓటేయడానికి వెళితే, బూత్ దగ్గర ఊరి పెద్దలు "మీ పేటోళ్ల ఓట్లన్నీ పడిపోయినయ్, ఇంటికి పొండి" అని నవ్వుతూ తిప్పి పంపారట. ఆ తర్వాతి ఎన్నికలకీ తాతయ్య అలాగే వెళ్లాడట, అలాగే తిరిగొచ్చాడట.

గుండీ కుట్టుకోవడం కూడా రాని నాన్న రెండు వారాలు ఆఫీస్ నుంచి రాగానే కూర్చుని తన కోటు చేతులు మడిచి నాకు సరిపోయేలా కుట్టాడు, దూదికి కాఫీ డికాషన్ పట్టించి గడ్డం చేశాడు. రోజూ పొద్దున్న నన్ను కార్‌లో స్కూల్‌కి తీసుకెళ్తూ, గవర్నర్ తన తరఫున చెప్పుకోవాల్సిన మాటలు తెలుగులో చెప్పి, నాచేత ఇంగ్లీషులో అనిపించి, దిగేలోపు అప్పజెప్పించుకునేవాడు. నాకన్నీ కంఠతా వచ్చేశాయి.

ప్రదర్శన రోజు అందరికంటే ముందు నా దగ్గరికొచ్చింది పక్కన వీరుడి వేషంలో ఉన్న అబ్బాయి వాళ్ల తాత. పెద్ద కౌబాయ్ టోపీ పెట్టుకున్నాడు. నా ముందున్న అట్ట మీద నల్ల మార్కర్‌తో రాసిన గవర్నర్ పేరు చదివి, బటన్ నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నన్నేమీ అనలేదు. నేనే నాన్న చెప్పిన మాటలు వదిలేసి, పుస్తకంలోని నాలుగు వాక్యాలూ గడగడా వల్లించేశాను. ఆయన నవ్వి తలూపాడు, టీచర్ కూడా నవ్వింది. ఆ నవ్వులు నాకు నచ్చాయి. ఇక వచ్చినవాళ్లందరికీ అదే పాఠం.

మధ్యలో నాన్న మీటింగ్ వదిలేసి పరుగున వచ్చి వరసలో నిలబడి బటన్ నొక్కాడు. ఆయన వెనకే టీచర్ ఉంది. ప్రజలు నన్ను అసహ్యించుకున్నారని మొదలుపెట్టి, నేను దిగిపోతే అందరూ సంతోషించారని ముగించాను. నాన్న మళ్లీ బటన్ నొక్కాడు. నేను మళ్లీ అదే చెప్పాను.

"బాగా చెప్పావమ్మా," అని, జారిపోతున్న గడ్డం సరిచేసి పక్కకు జరిగాడు. ఆ గవర్నర్ ఊసు మా ఇంట్లో మళ్లీ రాలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

అప్పట్లో చర్చి కోసం అద్దెకి తీసుకున్న హాలు ఇప్పుడు జిమ్ అయింది, నీలిపూలు పూసిన చోట అపార్ట్‌మెంట్లు లేచాయి, కోడికూర తెచ్చిన ఆంటీలు తలో ఊరికి వెళ్లిపోయారు. నాన్న పోయి ఆరేళ్లయింది. మొన్న మా అబ్బాయి పాఠంలో ఆ గవర్నర్ వస్తే, "మామ్, ఈయన నీకు తెలుసా?" అన్నాడు. పుస్తకంలోని నాలుగు వాక్యాలూ తడుముకోకుండా చెప్పాను. నాన్న చెప్పినవి కూడా చెబుదామని నోరు తెరిస్తే ఒక్కటీ గుర్తుకు రాలేదు. అమ్మకి ఫోన్ చేశాను.

"నాకేం తెలుసే, మీ ఇద్దరూ కార్‌లోనేగా చెప్పుకునేది," అంది.