అతుకు కనబడని కొండ

ఆయన్ని అందరూ అతుకులాయన అనేవారు. కుట్టేది బట్టలు కాదు, ఫోటోలు. కెమెరాను స్టాండు మీద నిలిపి, ఎడమ నుంచి కుడికి కొంచెం కొంచెంగా తిప్పుతూ ఏడెనిమిది ఫోటోలు తీసేవాడు. ముందు ఫోటోలోది మూడో వంతు తరవాతి దాంట్లో మళ్ళీ పడాలి. ఆపైన కంప్యూటర్ ముందు కూర్చుని అన్నిటినీ ఒకే పొడుగాటి ఫోటోగా కలిపేవాడు. ఆకాశం ఒకే రంగులో ఉండాలి. నేల గీత వంగకూడదు. రెండు ముక్కల్లో పడిన ఒకే మేక రెండు మేకలు కాకూడదు. ఇరవై ఏళ్ళలో ఆయన అతుకును ఎవరూ పట్టుకోలేదు. ఆయనకున్న గర్వమల్లా అదే.

ఒకసారి క్వారీ కంపెనీ మేనేజరు పిలిచి, ఆఫీసు గోడకు కొండ మొత్తం కనబడే ఫోటో కావాలన్నాడు. తీశాడు. ఎనిమిది ముక్కల్లో అయిదో దాంట్లో కొండకు నడుం లేదు. తవ్వుకుపోయింది ఆ కంపెనీయే. గోడ మీద ఇది బాగుండదు, ఆ గుంట పూడ్చమన్నాడు మేనేజరు. పన్నెండేళ్ళ కిందట తానే తీసిన కొండను ఆయన వెతికి తెచ్చాడు. అది పొద్దుటిది, ఇది సాయంత్రానిది. నీడలు ఎదురుబొదురుగా పడ్డాయి. నాలుగు రోజులు కూర్చుని ఒక్కో బండ నీడనూ ఇటు తిప్పాడు. పనయ్యాక, కొత్తగా తీసిన ఎనిమిది ముక్కల్నీ చెత్తే కదా అని చెరిపేశాడు.

ఆయన అక్క ఇల్లు ఆ కొండ కిందే. పేలుడు పేలినప్పుడల్లా ఆమె గోడలో బీట ఇంకాస్త సాగేది. తవ్వకం ఆపించమని గనుల ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. ఇళ్ళవైపు కొండను మేం ముట్టలేదంటూ కంపెనీ ఆ ఫోటోను ఫైలులో పెట్టింది. కింద మూలన ఆయన పేరు, తేదీ.

"తీసినవాడివి నువ్వేగా. వచ్చి అసలు సంగతి చెప్పు," అంది అక్క.

వారం రోజులు తప్పించుకు తిరిగాడు. చెబితే ఇక తనకు పనిచ్చేవాడు ఉండడు. చివరికి అక్కతో కలిసి ఆ ఆఫీసుకు వెళ్ళాడు.

అధికారి మర్యాదస్తుడు. అంతా విని, భూతద్దం తీసి చేతికిచ్చాడు. "అతుకెక్కడో చూపించండి."

ఎక్కడో ఆయనకు తెలుసు. నడుం దగ్గర, ఎర్రబండకు ఇవతల. వంగి చూశాడు. అద్దం అటూ ఇటూ జరిపాడు. ఎర్రబండ ఉంది. దాని నీడ ఉంది. అతుకు లేదు.

అసలు ముక్కలు తెమ్మన్నాడు అధికారి. ఇంట్లో మిగిలినవన్నీ పాతవే. వాటిలోనూ కొండ నిండుగానే ఉంది. పోనీ వచ్చి కళ్ళతో చూడండి అంటే, ఫైలులో ఉన్నదానికి ప్రయాణమెందుకన్నాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు: "మీకు అక్క ఉన్నారండీ. ఫోటోకి లేరు కదా."

ఇద్దరూ బస్సులో తిరిగి వచ్చారు. దిగేటప్పుడు ఆమె అంది: "దూరపు కొండలు నునుపంటారు. ఇంటి ముందరి కొండనే నునుపు చేశావు కదరా. పనిమంతుడివి."

ఆ ఆదివారం ఆయన సిమెంటూ తాపీ పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. బీట కిటికీ దాకా వచ్చింది. వేలు దూరుతోంది. నీళ్ళు కలుపుతుంటే ఆమె వచ్చి బకెట్టును కాలితో పక్కకు నెట్టింది.

"ముట్టుకోకు. నువ్వు పూడిస్తే ఇదీ కనబడదు."

ఆయన తాపీని సంచిలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం పేలుడు వినబడినప్పుడు ఇద్దరూ గోడవైపే చూశారు.