అన్నలా కనబడిన తమ్ముడు

బోధన్‌లో నేను పనిచేసే సైకిల్ దుకాణంలో మేస్త్రీ నా మొహం చూసినప్పుడల్లా, "చెయిన్‌కు నూనె దేనికిర, నీ ముక్కు రాస్తె సాలు" అనేవాడు. జిడ్డు మొహం నాది. నాలుగో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ణి, మాటకు మాట జోకేసి బతికాను. కానీ పదహారేళ్ళకే మొటిమలతో చెంపలు జల్లెడయ్యాయి. నాకంటే మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడి మొహం మీద మాత్రం ఒక్క మచ్చ ఉండేది కాదు.

వాడిది పొడి చర్మం. చలికాలం గోటితో గీస్తే పిక్క మీద తెల్లగా గీత పడేది. వాడు పడుకున్నప్పుడు కాళ్ళ మీద నా పేరు రాసి ఏడిపించేవాణ్ణి. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్లోకి చెరకు పిప్పి తోసే పనిలో చేరాక, ఆ సెగకు వాడు ఏడాదికేడాది ఎండిపోయాడు. ఇరవై ఎనిమిది నిండకుండానే కళ్ళ చివర, నోటి పక్కన ముడతలు. నాకు చర్మం మీద గుంటలు పెద్దవయ్యాయి, ముక్కు లావెక్కింది. గీత మాత్రం ఒక్కటీ పడలేదు. మొటిమల నాటి బాకీ తీరిందని మురిసిపోయాను.

అప్పుడే వర్ని ఊరి నుంచి తమ్ముడికి ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్లను తమ్ముడు ఒక పెళ్ళిలో చూశాడు. వాళ్ళు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి అన్నం ముందు కూర్చుని తనలో తనే నవ్వుకునేవాడు.

పిల్ల తండ్రీ, మేనమామా వచ్చేసరికి వాడింకా డ్యూటీలోనే ఉన్నాడు.

"పిలగాడు నువ్వేనా బిడ్డా?" అన్నాడు తండ్రి నన్ను చూసి.

"నేను చిన్నోన్ని మామా. పెండ్లి మా అన్నకు. ఫ్యాక్టరీల ఉన్నడు, వస్తడు."

లోపల నా భార్య గాజులు గలగలమన్నాయి. ఆయన అటు చూశాడు. "మరి నీకు ముందుగాల చేసిన్రా?"

"నేను ఆగలేకపోయిన మామా!"

మేనమామ పకపకా నవ్వాడు. అంతలో తమ్ముడు వచ్చాడు. జుట్టు నిండా పిప్పి దుమ్ము. దండం పెట్టాడు. తండ్రి వాణ్ణి చూసి, నన్ను చూసి, మళ్ళీ వాణ్ణే చూశాడు. ఆ చూపు చూసి గబగబా అన్నాను:

"మామా, నవ్వులాటకు అట్లన్న. నేనే పెద్దోన్ని. వాడు నాకన్న మూడేండ్లు చిన్నోడు."

"ఇందాక గట్లంటివి, ఇప్పుడు గిట్లంటున్నవ్. మొఖాలు కనవడ్తలెవ్వా మాకు?"

మమ్మల్ని కన్న అవ్వ నా నెత్తిన చెయ్యి పెట్టి, నేనే పెద్దవాణ్ణని ఒట్టేసింది. "ఒట్టు నమ్మొచ్చు అక్కా, వయసు దాస్తె ఎట్ల?" అని మేనమామ చెప్పులు తొడుక్కున్నాడు. విస్తళ్ళు పరిచి ఉన్నాయి. మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయారు.

"నీ నోరు పడిపోను!" అని అవ్వ ఏడ్చింది. తమ్ముడు కాళ్ళు కడుక్కొచ్చి, వాళ్ళ కోసం వేసిన విస్తరి ముందు కూర్చుని తిన్నాడు.

మర్నాడు పొద్దున అరచేయి రాపిడి చప్పుడుకు మెలకువ వచ్చింది. అద్దం ముందు కూర్చుని వాడు మొహానికి కొబ్బరినూనె రుద్దుకుంటున్నాడు. చర్మం ఎర్రబడినా ఆపలేదు. "ముడుతలు పోతలెవ్వు," అన్నాడు, అద్దంతోనే. రోజూ అదే చప్పుడు. తర్వాత ఏ సంబంధం వచ్చినా ఆ పూటకు డ్యూటీ వేయించుకునేవాడు. నన్ను అన్నా అని పిలవడం మానేశాడు. వాడు లేనప్పుడు ఆ అద్దంలో గీత పడని నా చెంపలు చూసుకుంటే, వాడి పడుచు ఏళ్ళు కూడా నేనే తింటున్నట్టు ఉండేది.

పదేళ్ళ తర్వాత ఏదో పని మీద ఇద్దరం నిజామాబాద్ వెళ్ళాం. చాయ్ హోటల్ యజమాని వాడికి కుర్చీ జరిపాడు.

"కూసో పెద్దాయనా. వెంట వచ్చింది తమ్ముడా?"

నేను నోరు తెరిచేలోపే వాడన్నాడు, "అవు. మా చిన్నోడే."

నవ్వలేదు. చాయ్ తాగి బయటికొచ్చాక, రోడ్డు దాటేటప్పుడు నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి గరుకుగా ఉంది. బస్టాండు వచ్చినా వదల్లేదు. "నేను నీ అన్ననురా" అందామనుకున్నాను. మళ్ళీ నవ్వులాటకే అంటున్నానని అనుకుంటాడేమోనని భయమేసి, వాడు నడిపించినట్టే నడిచాను.