పరగడుపున అరగంట

వెంకటపతి పద్నాలుగేళ్లు సినిమాల్లో తన్నులు తిన్నాడు. హీరో పిడికిలి దవడ పక్కగా దూసుకుపోగానే తల విసిరి, గాల్లో పల్టీ కొట్టి, పీపాల మీదో బల్లల మీదో వెల్లకిలా పడడం అతని పని. తెర మీద అతని మొహం రెండు క్షణాలకు మించి ఎవరూ చూసి ఉండరు. ఆ రెండు క్షణాల కోసం ఎడమ భుజం రెండుసార్లు విరిగింది. మూడు పక్కటెముకలు చిట్లాయి. కుడి మోకాలు వానాకాలంలో మడత పడేది కాదు. వీపు చర్మం కింద రెండు గాజు పెంకులు అలాగే ఉండిపోయాయి. చిన్న కంపెనీలు పగిలే అద్దానికి మామూలు కిటికీ అద్దమే వాడేవి మరి.

ఇల్లు మద్రాసు పెరంబూరులో, రైల్వే వర్క్‌షాపు గోడ వెనక వీధిలో. తండ్రి ఆ వర్క్‌షాపులోనే సమ్మెట కొట్టి రిటైరయ్యాడు. భార్య అలమేలు పొద్దున్నే వాకిట్లో ఇడ్లీలు వేసి అమ్మేది. వాయి మీద వాయి దిగుతున్నా వెంకటపతి ఒక్కటి కూడా నోట్లో వేసుకోకుండా స్టూడియోలున్న కోడంబాకం వైపు రైలెక్కేవాడు. కడుపు నిండుగా ఉండి పైనుంచి పడితే వాంతి తన్నుకొస్తుంది. ఫైటర్లందరికీ తెలిసిన సంగతే. అందుకని పొద్దున ఒక టీ, ఆ టీతో నొప్పి మాత్రలు. షాట్లు అయ్యేదాకా అంతే.

మాత్రలు తెచ్చేది వేలు అనే అతను. పదేళ్లుగా వెంకటపతితో జతగా పడుతున్న ఫైటర్. ఒకరి కాలు ఒకరి మెడకు తగలకుండా, ఒకరి మీద ఒకరు కూలకుండా పడడం ఆ ఇద్దరికీ కంటి సైగతో కుదిరేది. వేలు జేబులో ఒక రేకు డబ్బా ఎప్పుడూ గలగలలాడుతూ ఉండేది. "రెండు ఎయ్యన్నా, ఒకటి చాలదు" అనేవాడు. ఆ రెండూ క్రమంగా రోజుకు నాలుగయ్యాయి, ఆరయ్యాయి. కడుపులో మంట మొదలైతే వెంకటపతి మందుల షాపులో గులాబీ రంగు బిళ్ల కొని నమిలేవాడు. అలా మూడేళ్లు గడిపాడు.

1996 ఫిబ్రవరిలో వడపళనిలోని ఒక స్టూడియోలో పాడుపడిన నూలు మిల్లు సెట్టు వేశారు. హీరో ఎగిరి పొట్టలో తన్నాలి, వెంకటపతి అద్దం బద్దలు కొట్టుకుంటూ వెనక్కి పడాలి, పడ్డాక నోట్లోంచి రక్తం కారాలి. ఎర్ర పాకం నింపిన చిన్న సంచి ఒకటి బుగ్గలో పెట్టుకున్నాడు. చొక్కా చినిగి పొట్ట కనబడాలన్నారు కాబట్టి లోపల కట్టుకునే స్పాంజి పట్టీ విప్పేశాడు.

హీరో ఒక అడుగు ఎక్కువ పరుగెత్తాడు. బూటు మడమ వెంకటపతి పొట్టలో నిజంగానే దిగింది. అద్దం పగిలింది, మోచేతులు చీరుకుపోయాయి. కింద పడ్డాక చెప్పినట్టే సంచి కొరికాడు. ఎర్ర పాకం గడ్డం మీదికి జారింది. దాని వెనకే లోపలినుంచి వేడిగా ఏదో ఎగదన్నింది. కాఫీ మడ్డిలాంటి నల్లటి గడ్డలు, ఆ తర్వాత ముదురు రక్తం. చొక్కా తడిసింది, గాజు ముక్కల మధ్య నేల మీద మడుగు కట్టింది. కట్ చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ లేచి నిలబడి మరీ కొట్టాడు.

ఫైట్ మాస్టర్ కన్నియప్పన్ ఒక్కడే ముందుకు పరుగెత్తాడు.

"చప్పట్లు ఆపండయ్యా! మన పాకం ఈ రంగు కాదు. వీడు చస్తా ఉండాడు!"

సామాన్లు తెచ్చిన వ్యాన్లోనే సర్కారు ఆసుపత్రికి మోసుకుపోయారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. గొంతులోంచి గొట్టం దించి లోపల చూశారు. మూడో రోజు మంచం పక్కన నిలబడి మాట్లాడింది డాక్టర్ మృణాళిని. నలభై దాటిన మనిషి, మాట సూటిగా ఉండేది.

"నొప్పి మాత్రలు రోజుకు ఎన్ని వేస్తారు?"

"నాలుగమ్మా. ఒగోనాడు ఆరు."

"తిన్నాకేనా?"

"తింటే పడలేమమ్మా."

"మీ కడుపులో రెండు పుండ్లున్నాయి. ఒకటి రక్తనాళం దాకా తొలిచింది. ఆ తన్ను లేకపోయినా ఇంకో వారంలో ఎక్కడో ఒకచోట పడిపోయేవాళ్లు." చేతిలో క్యాప్సూళ్ల పట్టీ పెట్టింది. "ఇది కడుపులో పులుపు తగ్గిస్తుంది. పులుపు తగ్గితేనే పుండు మానుతుంది. పొద్దున పరగడుపున ఒకటి, మంచినీళ్లతో. అరగంట తర్వాత తినాలి. ఎనిమిది వారాలు. నొప్పి మాత్రల జోలికి పోవద్దు. సారా, సిగరెట్ కూడా బంద్. విరేచనం తారులాగా నల్లగా వస్తే ఎక్కడున్నా సరే వెంటనే ఇక్కడికి రండి."

ఇంటికొచ్చాడు. క్యాప్సూల్ చూస్తేనే అతనికి భయం. రెండేళ్ల కింద ఉరి సీన్లో తాడు బిగుసుకున్నప్పటినుంచి గొంతులో ఏదైనా అడ్డం పడితే ప్రాణం పోయినట్టుండేది. అందుకని దాన్ని విప్పి, లోపలి గుళ్లను వేడి కాఫీలో పోసి, చెంచాతో నూరి తాగాడు. అదీ ఇడ్లీలు తిన్నాక. వారం గడిచినా మంట తగ్గలేదు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లి, మందు పనిచేయలేదని గొణిగాడు. ఎలా వేస్తున్నారో చేసి చూపించమంది మృణాళిని. చూపించాడు.

"అయ్యో! ఆ గుళ్ల మీద పూత ఉంటుందండీ. కడుపులో పులుపు దాటి పేగులోకి పోయేదాకా ఆ పూతే మందును కాపాడాలి. మీరు నూరి, కాఫీలో ఉడికించి ముందే చంపేశారు. విప్పకూడదు, నమలకూడదు. అలాగే మింగాలి."

"అట్లయితే పోయిన వారానికి కలిపి రెండేసి ఎయ్యనామ్మా?"

"వద్దు. మర్చిపోయిన రోజున్నా సరే, కలిపి రెండు వెయ్యొద్దు. రేపటినుంచి సరిగ్గా ఒకటి."

ఆ రోజునుంచి ఆ పని అలమేలు చేతుల్లోకి తీసుకుంది. ఇడ్లీలు ఉడికించే గుండా పొయ్యి మీద పెట్టగానే క్యాప్సూల్ ఇచ్చేది. రెండో వాయి దిగేదాకా అతనికి పళ్లెం పెట్టేది కాదు. ఒక గుక్క నీళ్లు ముందు, క్యాప్సూల్, నిలబడే మరో గుక్క. అలా మింగడం అలవాటైంది. పది రోజులకు మంట పోయింది. మంట పోగానే మందు చాలన్నాడు.

"నాకు బాగైపోయిందే. ఇంగెందుకు ఇది?"

"డాక్టరమ్మ ఎనిమిది వారాలనింది మామా. నొప్పి పొయ్యింది గానీ పుండు ఆడనే ఉండాదంట."

"నా కడుపు సంగతి నాకు తెలీదా?"

మాట మీద మాట పెరిగింది. నెల రోజులుగా పని లేక ఇంట్లో కూర్చున్న కోపమంతా చేతిలో ఉన్న లోటాలోకి వచ్చింది. గోడకని విసిరిన లోటా అలమేలు కనుబొమకు తగిలింది. రక్తం చూసి అతను ముందుకు రాబోయాడు. ఆమె చాచి చెంప మీద కొట్టింది. దెబ్బ రాకముందే తల తిప్పడం అలవాటైన మనిషికి ఆ దెబ్బ పూర్తిగా తగిలింది.

"ఆడ తన్నులు తినేది పని కోసరం. ఈడ నా మీద ఇసిరేదానికి నేనేమన్నా నీకు విలన్నా? మింగు."

మింగాడు. ఆమె కనుబొమకు మూడు కుట్లు పడ్డాయి. ఆ కుట్లు విప్పించే రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని అతను తల ఎత్తలేదు.

ఏడో వారంలో కన్నియప్పన్ కబురు పెట్టాడు. పడే పని కాదు, కత్తి పట్టుకుని వెనక నిలబడితే చాలన్నాడు. సెట్టులో ఆ రోజు వేలు ముందుగా మేడ మీదినుంచి పడ్డాడు. కింద పరిచిన అట్టపెట్టెలు జరిగిపోయి నడుము నేలకు కొట్టుకుంది. పాక్కుంటూ మూలకు వచ్చి, డబ్బా తీసి, నాలుగు మాత్రలు అరచేతిలో పోసుకున్నాడు. మొహం సున్నంలా పాలిపోయి ఉంది.

"ఏమన్నా తిన్నావా వేలూ?"

"ఎప్పుడు తిన్నానన్నా? రెండ్రోజులుగా తిండే సయించలా. బయటికి పోయినా నల్లగా పోతాంది."

వెంకటపతి ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. మాత్రలు ఎగిరి చెల్లాచెదురైతే డబ్బాను కాలితో తొక్కి నలిపేశాడు. "లెయ్, ఆసుపత్రికి పోదాం" అన్నాడు. నొప్పితో పిచ్చెక్కి ఉన్న వేలుకు డబ్బా నలిగిన చప్పుడే వినబడింది. లేచి అతని గొంతు పట్టుకున్నాడు.

పదేళ్లుగా ఒకరికొకరు తగలకుండా కొట్టుకున్న ఇద్దరూ ఆ రోజు తగిలేలా కొట్టుకున్నారు. పల్టీలు లేవు, అరుపులు లేవు. గోళ్లు, పళ్లు, మోకాళ్లు. వేలు అతని చెవి కొరికాడు. వెంకటపతి నుదుటితో కొడితే వేలు ముక్కు ఎముక పటుక్కుమంది. ఊపిరాడక వెంకటపతి పిడికిలి బిగించి వేలు పొట్టలో ఒక్క గుద్దు గుద్దాడు. కన్నియప్పన్ వెదురు కర్రతో ఇద్దరి వీపులూ చిట్లగొట్టి విడదీసేసరికి వేలు మోకాళ్ల మీద కూలి, నెత్తురు కక్కుకుంటున్నాడు. అది ముక్కులోంచి వచ్చింది కాదు.

"నల్లగా పోతాందని ముందే చెప్పినాడు మాస్టర్! పుండది, పుండు!" అని వెంకటపతి అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. అందరూ చూసింది ఆ గుద్దునే.

వేలుకు ఆ రోజే ఆపరేషన్ చేశారు. మర్నాడు పొద్దున రాయపురంనుంచి వేలు బావమరుదులు ముగ్గురు వచ్చారు, చేపల రేవులో బరువులు మోసేవాళ్లు. వాకిట్లో కొనేవాళ్ల ఎదుటే వెంకటపతిని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు. ఒకడి చేతిలో సైకిల్ చైను, ఇంకొకడి చేతిలో పడవ చెక్క. వెంకటపతి తిరిగి చెయ్యెత్తలేదు. మోకాళ్లు ముడుచుకుని పొట్టను మాత్రం కాచుకున్నాడు. చైను వీపును చాళ్లు చాళ్లుగా చీల్చింది. తల మీదికి వచ్చిన చెక్కకు చెయ్యి అడ్డం పెడితే ముంజేతి ఎముక రెండుగా విరిగింది. అలమేలు గుండాలో మరుగుతున్న నీళ్లు తెచ్చి ఆ ముగ్గురి మీద కుమ్మరించింది. పెద్దవాడు మొహం పట్టుకుని కేకలు పెడుతూ పరుగెత్తాక గానీ వాళ్లు వదల్లేదు.

ఎముకల వార్డులో కాంపౌండర్ సూది పట్టుకొచ్చాడు. వెంకటపతి చెయ్యి మోచేతి కింద మరో కీలున్నట్టు వేలాడుతోంది.

"ఏం సూదన్నా అది?"

"నొప్పి సూది. చెయ్యి చాపు."

పేరు అడిగాడు. వేలు డబ్బాలో మాత్రల పేరే.

"వద్దన్నా. నా కడుపులో పుండు ఉండాది, మందు మింగతాండాను. డాక్టర్‌ను అడిగి వేరేది ఎయ్యి."

"చెయ్యి విరిగి ఇదేం బేరమయ్యా?" అని విసుక్కుని అతను వెళ్లిపోయాడు. డాక్టర్ వచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటా ఎముక కొస ఎముకకు రాసుకుంటుంటే వెంకటపతి దుప్పటి కొరుక్కుంటూ పడుకున్నాడు. రెండుసార్లు స్పృహ తప్పింది. డాక్టర్ చీటీ చూసి, కడుపుకు హాని చేయని వేరే మందిచ్చి చెయ్యి కట్టాడు. మర్నాడు పొద్దున అలమేలు క్యాప్సూల్ తెచ్చింది. మింగి, అరగంట గడియారం చూసి గంజి తాగాడు.

వేలు కింది అంతస్తులో ఉన్నాడు. నాలుగో రోజు మృణాళిని పైకి వచ్చినప్పుడు వెంకటపతి అడిగాడు.

"నా గుద్దుకేనా అమ్మా?"

"పుండు ముందే ఉంది. రక్తం రెండు రోజుల ముందే కారుతోంది. ఆ నాలుగు మాత్రలు కూడా పడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. మీ గుద్దు మేలు చెయ్యలేదు, అదీ నిజమే."

వేలు బతికాడు. నల్లగా పోతున్న సంగతి తనే బావమరుదులకు చెప్పాడు. పెద్దవాడు మొహం నిండా బొబ్బలతో వచ్చి, వెంకటపతి మంచం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయాడు. వెంకటపతి కేసు పెట్టలేదు.

ఎనిమిది వారాలు నిండాయి. మళ్లీ గొట్టం దించి చూస్తే పుండ్లు మానాయి. మృణాళిని ఇక మందు ఆపమంటే ఈసారి భయపడింది అతనే.

"ఇంగో ఆర్నెల్లు మింగతానమ్మా. రక్తం కక్కింది మర్చిపోలేను."

"భయానికి మందు మింగకూడదండీ. మీకు ఇప్పుడు దీని అవసరం లేదు. మంట మళ్లీ వస్తే కొట్లో కొనుక్కోకండి, నా దగ్గరికి రండి."

ఏడాది తర్వాత మంట మళ్లీ వచ్చింది. నిజంగానే ఆమె దగ్గరికే వెళ్లాడు. చూసి నాలుగు వారాలకే రాసిచ్చింది.

విరిగిన చెయ్యి వంకరగానే అతుక్కుంది కాబట్టి పడే పని మళ్లీ కుదరలేదు. కన్నియప్పన్ అతన్ని కొత్త ఫైటర్లకు పడడం నేర్పే పనిలో పెట్టుకున్నాడు. పొద్దున ఆరింటికి అందరిచేతా రెండు ఇడ్లీలు తినిపించి, మూడు గంటలాగి పడమనేవాడు. జేబులు తడిమి నొప్పి మాత్రలు దొరికితే ఆ రోజుకు పని లేదని పంపేసేవాడు. అలా పంపినవాళ్లలో ఒకడు బస్టాపు దగ్గర కాపు కాసి అతని పెదవి పగలగొట్టాడు. అయినా జేబులు తడమడం మానలేదు.

వేలు సినిమాలు వదిలి రేవులో పనికి కుదిరాడు. 1998లో ఒకసారి పెరంబూరు స్టేషన్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. వేలు ముక్కు ఒక పక్కకు ఒరిగి ఉంది.

"మందు మింగతాండావా?" అన్నాడు వెంకటపతి.

"మింగతాండా. మంట మళ్లీ వస్తే డాక్టరమ్మ రాసిచ్చింది. తినేదానికి ముందరే." వేలు అతని వంకర చేతి వైపు చూసి కళ్లు తిప్పుకున్నాడు. "నిన్ను చూస్తే ఇంగా కొట్టాలనే ఉంటాదన్నా."

"తెలుసు" అన్నాడు వెంకటపతి. రైలు వచ్చింది. ఇద్దరూ ఒకే పెట్టె ఎక్కి, ఎదురెదురుగా కూర్చున్నారు.