మూడో గుంట

కొవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది, పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుండగా, నన్ను బాపట్ల నుంచి తెనాలి శాఖకు మార్చారు. మాది ఒక ప్రైవేటు ఫిజియోథెరపీ సంస్థ. నా హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. ఆ రోజుల్లో సరదా సైకిళ్లు ఎక్కువై, సీటు బాధలతో వచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. నడుం నొప్పిని ఊరంతా చెప్పుకునే మగవాళ్లు ఈ బాధ దగ్గరికొచ్చేసరికి గోడ వైపు చూస్తూ మాట్లాడతారు.

చెరుకుపల్లి నుంచి వచ్చిన రవి అలా కాదు, సూటిగా చెప్పాడు. ఆదివారాలు రేపల్లె, బాపట్ల, తెనాలి దారుల్లో తొక్కుతాడట. దిగాక తొడల మధ్య గంటల తరబడి తిమ్మిరి. నరం ఇలాగే నలిగితే మూత్రం మీద పట్టు పోవచ్చని, కారణం దొరక్కపోతే సైకిల్ మానేయాల్సిందేనని చెప్పాను.

మా పద్ధతి తేలిక. స్టూలు మీద ముడతల అట్ట వేసి, ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరుతో కూర్చోబెడతాం. పిరుదుల కింది రెండు ఎముకలు అట్టలో రెండు గుంటలు చేస్తాయి. వాటి మధ్య దూరాన్ని బట్టి సీటు వెడల్పు నిర్ణయిస్తాం. రవి లేచాక చూస్తే మూడు గుంటలున్నాయి. మూడోది మధ్యలో, కాస్త ముందుకు, చింతగింజంత. మనిషికి అక్కడ ఎముక ఉండదు.

అట్ట మార్చాను. స్టూలు మార్చాను. కొత్త నిక్కరు కొనిపించి కూర్చోబెడితే రెండే గుంటలు పడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను. పది రోజులకు అదే కొత్త నిక్కరుతో వచ్చాడు. మళ్లీ మూడు. నిజం చెప్పొద్దూ, భయమేసింది. ఆ అట్టను బల్ల మీద బోర్లించేశాను.

నిక్కరు మార్చుకుని ఇమ్మని, దాని ప్యాడ్‌ను బొటనవేలితో నొక్కుకుంటూ పోయాను. మధ్యలో గట్టిగా తగిలింది. ఒక అంచున మిషన్ కుట్టు తీసేసి, నల్లదారంతో చేత్తో కుట్టారు. విప్పితే రాగి తాయెత్తు. రవి మొహం పాలిపోయింది. అది అన్నయ్యదన్నాడు. రెండేళ్ల కిందట జంపని దగ్గర సైకిల్ మీద వెళ్తుండగా లారీ గుద్ది పోయిన అన్నయ్య.

మర్నాడు వాళ్లమ్మగారిని పిలిపించాను. ఆమె దాచలేదు. పాడె ఎక్కించే ముందు మొలతాడు తెంపినప్పుడు, ఎవరూ చూడకుండా తాయెత్తు తీసుకున్నారట. చిన్నవాడికి తెలియకుండా నిక్కర్లో కుట్టారు. కొత్తది ఉతికిన రోజున అందులోకి మార్చారు.

“అదే దారి కదండీ. ఎక్కడ లారీలొస్తాయో పెద్దోడికి తెలుసు. అందుకే తమ్ముడి కింద కూర్చోబెట్టాను.”

ఆమె గొంతులో తడబాటు లేదు. శవాలను కోసి చదువుకున్నవాణ్ని, ఆ తాయెత్తు నా అరచేతిలో పెడితే గుప్పిట మూయలేకపోయాను. సైకిల్ తొక్కే చొక్కాకు వెనక, నడుం దగ్గరుండే జేబులోకి మార్చమని బతిమాలాను. నా గదిలోనే కూర్చుని ఆమే కుట్టారు.

నెలకల్లా తిమ్మిరి పోయింది. అట్టలో రెండే గుంటలు. కేసు ముగించబోతుంటే రవి ఒక మాట చెప్పాడు. తొక్కుతున్నప్పుడు నడుం మీద ఎవరో చెయ్యి వేసినట్టుంటోందట. మలుపుల దగ్గర కాస్త గట్టిగా పట్టుకుంటోందట. నొప్పిగా ఉందా అని అడిగాను.

“లేదండి. నెమ్మదిగా వెళ్లమన్నట్టుంటది.”

కాగితంలో ‘ఫిర్యాదు లేదు’ అని రాసి సంతకం చేశాను. నొప్పి లేదని రోగి చెప్పిన దాని జోలికి పోకూడదని, అంత సర్వీసులోనూ ఆ రోజే నేర్చుకున్నాను.