గంగన్న మంచం కింది డబ్బా

గల్ఫ్‌లో, రైసూత్ రేవు దగ్గర మా రూమ్‌కి గంగన్న వంటమనిషేం కాదు. డ్యూటీ మా అందరిలాగే సైట్‌లో సెంట్రింగు పని. కానీ సాయంత్రం రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని, "ఇయ్యాల ఏం దింటరు?" అని గరిటె పట్టుకునేవాడు. ఆ మాట అడిగేటప్పుడు ఆయన ముఖం చూడాలి. పగలంతా తిట్లు పడ్డ మనిషి పొయ్యి ముందు పెళ్ళికొడుకులా వెలిగిపోయేవాడు. మూడేళ్ళకోసారి నిర్మల్ దగ్గర తన ఊరికి వెళ్ళొచ్చేవాడు.

ఆయన మంచం కింద ఒక పాలపొడి డబ్బా ఉండేది. "ఎల్లిపాయ కారం. మస్తు మంట, మీకు వడది" అనేవాడు. కాకినాడ పక్కవాణ్ణి, నాకు కారం పడదా? ఆయన స్నానానికి వెళ్ళినప్పుడల్లా చిటికెడు లాగించేవాణ్ణి. వేయించిన నువ్వుల్లా కమ్మగా ఉండేది. నా దొంగతనం ఆరు నెలలు నిరాటంకంగా సాగింది.

అక్కడివాళ్ళు ఖరీఫ్ అనే వానాకాలపు ముసురు పట్టిన ఒక శుక్రవారం, మా అరబ్బు ఫోర్‌మన్ ముసల్లం కూడా భోజనానికి వచ్చాడు. అందరం నేలమీద కూర్చున్నాం. నా పళ్ళ సందున ఏదో ఇరుక్కుంది. తీసి చూస్తే పల్చటి రెక్క! ఇందాక గంగన్న స్నానానికి వెళ్ళినప్పుడు లాగించిన చిటికెడు గుర్తొచ్చింది. నాలో పరోపకారం పొంగింది. డబ్బా బయటికి లాగాను.

"గంగన్నా, తేమకి నీ కారం పురుగు పట్టిందయ్యా, ఇదిగో రెక్క! పారేసొస్తానుండు."

గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు. "పారెయ్యకు గణపతన్నా! పురుగు వట్టలే..." గొంతు తగ్గించాడు. "పురుగులనే దంచిన కారం. ఉసిల్లు. తొలకరి వానకు పుట్టలకెల్లి లేస్తయి. నా పెండ్లాం లస్మవ్వ దీపం వెట్టి వట్టి, ఏంచి, దంచి పంపుతది."

చేతులన్నీ కంచాల మీద ఆగిపోయాయి.

హైదరాబాదు రషీద్ లేచినంత పని చేశాడు. "యా అల్లా! ఆ గరిటెతోనే మా దాల్ కలిపినవా?"

"ముట్టియ్యలే భాయ్. దాని చెంచ అలగ్, గిన్నె అలగ్. ఆరేండ్ల సంది అలగ్. అసయ్యించుకొని నా చేతి తిండి బంద్ వెడ్తరని జెప్పలే, గంతే."

ఆ గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

సంగతేమిటని ముసల్లం అడిగితే, రషీద్ హిందీలో చెప్పాడు. ముసల్లం పకపకా నవ్వి, తన తాత మిడతల్ని వేయించి ఉప్పు చల్లి సంచిలో దాచేవాడనీ, తాను మాత్రం ఆ సంచిని చూస్తే ఇంట్లోంచి పారిపోయేవాణ్ణనీ అన్నాడు. నవ్వాడు గానీ కంచం ముట్టలేదు.

ఇక నేను నోరు విప్పక తప్పలేదు.

"ఆరు నెలలుగా నేను తింటున్నాను. ఆ రెక్క డబ్బాలో దొరకలేదు, నా పళ్ళల్లో దొరికింది."

రషీద్ వంగి నా నోట్లోకి చూశాడు. తర్వాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "దొంగోడా! అందుకే లావైనవా?"

నేను కంచం గంగన్న ముందుకు జరిపాను. "ఎలాగూ దొరికిపోయాను. ఈసారి నీ చేత్తో వెయ్యి."

వేశాడు. నిండు చెంచా.

రషీద్ కూడా గిన్నె చాపాడు. "నాకు దాల్. ఆ చెంచా దూరం వెట్టు ముందు."

గంగన్న గరిటె మళ్ళీ తిరిగింది. "ఇంకేం గావాలె? ఇంకేం గావాలె?" అని ఆ పూట మాకు పొట్టలు పగిలేలా వడ్డించాడు.

నిరుడు ఆయన పని మానేసి ఊరెళ్ళిపోయాడు. ఈ ముసురుకి ఫోన్ చేసి, "కారం పంపాల్నా అన్నా?" అని అడిగాడు. పంపమన్నాను. వచ్చింది. బల్లమీదే, అందరి కళ్ళముందే ఉంది.

బాగానే ఉంది గానీ, స్నానాల గది తలుపు చప్పుడైతే ఇప్పటికీ నా చెయ్యి మంచం కిందికే పోతుంది.