గుండు కోసం వచ్చినాం

మా వ్యానును కొన్నది చీర కొలతతో. నేను ఇంజన్ చూద్దామన్నాను, టైర్లు చూద్దామన్నాను. మా ఆవిడ మాత్రం చేతిసంచిలో పట్టుచీర ఒకటి పెట్టుకుని వచ్చింది. ఆమెది ధర్మవరం, మగ్గాల ఇల్లు. ఆ చీర వాళ్ల నాయన నేసిందే. హిందూపురంలో చూసిన రెండు బళ్లలోనూ అమ్మేవాళ్ల ఎదుటే లోపలికెక్కి, చుడీదార్ మీదే చీర చుట్టుకోబోయింది. ఒకదాంట్లో నడుము వంచాల్సి వచ్చింది, ఇంకోదాంట్లో తల తగిలింది.

"నిలబడి చీర కట్టుకునేకి కాకపోతే అది ఇల్లెట్లయితాది?" అని దిగిపోయింది. ఇంజన్ గురించి నేను తయారుచేసుకున్న ప్రశ్నలన్నీ వృథా.

నాకు రాళ్లెక్కే పిచ్చి. ఇక్కడి నుంచి హంపీ మీదుగా హిమాచల్ దాకా, దారిలో కనబడిన బండనల్లా ఎక్కుతూ కొన్ని నెలలు బండిలోనే బతకాలని నా కోరిక. ఆమె ఎక్కదు, కింద నిలబడి తాడు పట్టుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ తాడు ఇంకెవరు పట్టుకున్నా నాకు పైకి పోబుద్ధి కాదు. ఆమె ఒక షరతు పెట్టింది. ముందు ఒక వారం మన చుట్టుపక్కలే బండిలో ఉండి చూద్దాం, ఆఖరున ధర్మవరంలో మా నాయన ఇంటి ముందు ఆపు, అక్కడ నేను సంచితో దిగి లోపలికి పోయినానంటే ప్రయాణం లేనట్టే, బండి అమ్మేద్దాం అంది. సరేనన్నాను. అనకపోతే ఆ వారం కూడా దక్కేది కాదు.

కావలసిన ఎత్తున్న బండి సోమందేపల్లిలో హైవే పక్కన దొరికింది. అంతకుముందు తిరుమలకు భక్తులను తిప్పిన బండి. కాషాయం రంగు, వెనకాల తలుపుల మీద ఇంత పెద్ద నామాలు. ఆమె లోపల కుచ్చిళ్లు పోసుకుని, పమిట కూడా సర్దుకుని నవ్వుతూ బయటికొచ్చింది. అంతే, బేరం అయిపోయింది. లోపల మంచం బిగించాను, గ్యాస్ స్టవ్ పెట్టాను, గాలి ఆడాలని టాపుకు రంధ్రం కోసి ఫ్యాను అమర్చాను. నామాలు చెరపడానికి మాత్రం నాకు ధైర్యం చాల్లేదు.

మొదటి మకాం లేపాక్షి దాటాక ఒక గుట్ట కింద. మా వైపు పెద్ద రాయిని గుండు అంటాం, వచ్చిన చిక్కంతా అదే. సాయంత్రం చేని నుంచి ఇంటికి పోతున్న రైతు ఒకాయన బండి దగ్గర ఆగి, "ఏమప్పా, యాటికి పోతాండారు?" అన్నాడు.

"గుండు కోసం వచ్చినామన్నా" అన్నాను.

ఆయన నామాల వైపు చూశాడు, నా జుట్టు వైపు చూశాడు, చేతులు జోడించి, పొద్దున్నే అయితే బాగుంటుందని చెప్పి వెళ్లిపోయాడు. ఎండెక్కక ముందు రాయి చల్లగా ఉంటుంది, పట్టు బాగా దొరుకుతుంది. ఈయనకు రాళ్లెక్కడం గురించి ఎంత తెలుసో అని రాత్రంతా మెచ్చుకున్నాను.

తెల్లారేసరికి మంగలాయన మోపెడ్ మీద పెట్టెతో సహా వచ్చి నిలబడ్డాడు. రైతు పంపాడట. మా ఆవిడ బండి మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నేను బండను చూపించి, తాడు చూపించి, ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. జుట్టు మీద ఆశ చావక సాకులు చెబుతున్నానని జాలిపడ్డాడు.

"మొక్కుకోని ఎనక్కి పోకూడదు సామీ. ఏం కోరుకున్యావు?"

ఆయన్ను ఎలా పంపాలో తెలియక మా ఆవిడను చూపించి, ఈమె నాతో ఈ బండిలో హిమాచల్ దాకా వస్తే జుట్టు ఇచ్చుకుంటానన్నాను. ఆయన పెట్టె మూసేశాడు. "అయితే తీరినంక రా. యాడికీ పోను, ఈడే ఉంటా."

ఆ రోజంతా ఆమె తాడు పట్టుకుని నవ్వుతూనే ఉంది. సగం ఎక్కినవాణ్ని "మొక్కు జాగ్రత్త" అని కింద నుంచి కేకేసింది. తర్వాత రోజులూ హాయిగానే గడిచాయి. మధ్యాహ్నం బండి నీడలో సంగటి, చెనిక్కాయల చట్నీ. గెలిచినట్టే అనుకున్నాను.

పెనుకొండలో వాన పట్టుకుంది. రాయి తడిసిపోయిందని దిగులుపడుతూ బండిలోకి వచ్చి చూస్తే, ఫ్యాను చుట్టూ నేను పూసిన బంక కరిగి, సరిగ్గా ఆ పట్టుచీర మీదే కారుతోంది. జరీ అంచు మీద జానెడు మరక. మా ఆవిడ నన్నెప్పుడూ నువ్వనే అంటుంది. మీరు అన్నదంటే పని చెడినట్టే.

"ధర్మవరానికి పోనియ్యండి" అంది.

ఇంటి ముందు ఆపగానే సంచి భుజానికేసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. హంపీ గుర్తుకు రాలేదు, హిమాచల్ గుర్తుకు రాలేదు. ఊరికే కూర్చోలేక, సందు చివర అంగడిలో రబ్బరు షీటు, మంచి బంక కొనుక్కొచ్చి టాపెక్కి పాత బంక గీకడం మొదలుపెట్టాను. కారే బండిని ఎవరు కొంటారు, అందుకే బాగుచేస్తున్నానని వీధిలో అడిగినవాళ్లకు చెప్పాను. అది అబద్ధం. మామ బయటికొచ్చి, మరక పోతుందిలే, దిగి కాఫీ తాగమన్నాడు. ఇది అయ్యాక తాగుతానన్నాను.

బంక ఆరేసరికి పొద్దు వాలింది. అప్పుడొచ్చింది ఆమె. సంచి సగానికి సగం తగ్గి ఉంది. నీళ్ల బిందె నా చేతికందించి, టాపు మీద పోయమని సైగచేసి, బండిలోకెక్కి తలుపు వేసుకుంది. బిందెడూ పోశాను. నేను బోర్లా పడుకుని ఫ్యాను సందుకు చెవి ఆనించాను.

"కారలేదు" అంది లోపలి నుంచి. "పట్టుచీరలన్నీ నాయన దగ్గర పెట్టొచ్చినా. దిగు, లేపాక్షికి పోదాం. ఆ మంగలన్న కాచుకోనుంటాడు, నువ్వు మొక్కుకోని ఉండావు."

తడి టాపు మీద అలాగే కూర్చుని, ఒకసారి జుట్టు తడుముకుని దిగాను.