గెసీనా వదిన తొలి బుట్ట

మా గెసీనా వదిన నోటికి జడిసి పిండిమర దగ్గర ఈగలు కూడా వాలవని మా అన్నయ్య బతికున్నప్పుడు అనేవాడు. ఆవిడ బుట్టలల్లుతుంది. పెళ్లినాడు కూడా గోళ్ల కింద బుట్టలల్లే విల్లో పుల్లల బెరడు ఉందని మా అమ్మ గొణిగింది. నలభై ఏళ్లుగా ఆవిడకి మరో ధ్యాస లేదు.

పెంతెకొస్తు పండగ మర్నాడు, సోమవారం, ఏటి నీళ్లతో తిరిగే ఆ పాత పిండిమర తిప్పి దాని చుట్టూ చేతిపనుల సంత పెడతారు. చక్రం పక్కనున్న నీడ చోటు ఏటా వదినదే. కుండలమ్మే ఆడపడుచుని నేను పక్కనే కూర్చుని ఆవిడ తిట్లు తింటూ ఉంటాను. అయితే ఆ చోటు ఊరికే రాదు. ఆ పొద్దున జనం ముందు అల్లిన తొలి బుట్ట నిండా రై అనే ధాన్యం గింజలు పోసి, బస్తాలెత్తే గొలుసుకి తగిలించి మర పై అంతస్తుకి లాగుతారు. బుట్ట పిడి నిలిస్తే ఆ ఏడు అమ్ముకోవచ్చు. ఊడితే సామాను సర్దుకోవాలి. ఒకసారి పొరుగూరి వాడి బుట్ట ఊడి గింజలన్నీ పాస్టరుగారి నెత్తిన పడ్డాయి. వాడు మళ్లీ మొహం చూపించలేదు.

ఈ చలికాలంలో వదినకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. కాస్త నయమైందని డాక్టరు అన్నాడుగాని, ఆ చేత్తో టీ కప్పు పట్టుకోవడం కూడా నేను చూడలేదు.

"ఈ ఏడాదికి మానెయ్ వదినా" అన్నాను.

"మానేసి ఏం చెయ్యను? నీ వంకర కుండలకి కాపలా కాయనా?" అని కస్సుమంది.

సంత నాడు పొద్దున్నే వచ్చి కూర్చుంది. నానిన విల్లో పుల్లల్ని మోకాళ్ల మధ్య ఇరికించి, కుడిచేత్తో లాగి, చాలనప్పుడు పళ్లతో పట్టి బిగించింది. నాకు చూడబుద్ధి కాక కుండలు తుడుస్తూ కూర్చున్నాను. చివరికి బుట్ట తయారైంది, కాస్త ఒక పక్కకి ఒరిగి.

మర నడిపే ఫోల్కెర్ట్ వచ్చాడు. వీళ్లిద్దరూ ఎదురుపడితే పోట్లాట ఖాయం. అలాంటివాడు బుట్టను చూసి, వదిన చేతిని చూసి నోరెత్తలేదు. నాకు భయమేసింది. బుట్టను కొక్కేనికి తగిలించి, సగం వరకే గింజలు పోసి, నావైపు కన్నుగీటాడు. హమ్మయ్య అనుకున్నాను.

వదిన కళ్లకి మాత్రం ఏ జబ్బూ రాలేదు.

"ఏయ్ ఫోల్కెర్ట్! తగ్గింది గింజలా, నీ బుర్రా? అంచుదాకా పొయ్యి!"

"చాల్లేవే గెసీనా, జనం చూస్తున్నారు."

"చూడనీ! నేనింకా చావలేదు. పొయ్యమంటున్నానా!"

చేసేదిలేక నిండా పోశాడు. గొలుసు కదిలింది. బుట్ట నేల విడిచి లేస్తుంటే పిడి కిర్రుమంది. పాస్టరుగారు మెల్లగా జారుకుని కేకులమ్మే బల్ల వెనక్కి చేరారు. నేనూ వదినా పక్కపక్కనే మెడలు పైకెత్తి నిలబడ్డాం. బుట్ట ఊగుతూ ఊగుతూ పైకి పోయి, పై అంతస్తు తలుపులోంచి లోపలికి మాయమైంది.

పైనుంచి ఫోల్కెర్ట్ పెళ్లాం తొంగిచూసి అరిచింది. "వచ్చేసింది! గింజైనా రాల్లేదు!"

చప్పట్లు మోగాయి. ఫోల్కెర్ట్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. అప్పుడుగాని నా చెయ్యి నొప్పెడుతోందని తెలియలేదు.

"వదినా, వదులు. నా వేళ్లు విరిగేలా ఉన్నాయి."

ఆవిడ వదల్లేదు. తల వంచి మా చేతుల వంకే చూస్తోంది. నేనూ చూశాను. ఆవిడ నన్ను పట్టుకున్నది ఎడమచేత్తో.

"ఇంకాసేపు ఉండనియ్యవే" అంది.

ఇన్నేళ్లలో వదిన నన్ను బతిమాలడం అదే మొదలు.